పొడిబట్టల మాట

పోయిన నెలలో మా ఊరి లైబ్రరీకి కొత్త రేకులు వేశారు. ఈ మధ్యనే లైబ్రేరియన్‌గా వచ్చిన లావణ్య అనే అమ్మాయి పాత సభ్యులందరికీ ఫోన్లు చేసి, "చదివేసిన పుస్తకాలేమైనా ఉంటే ఇవ్వండి సార్, బీరువాలు సగం ఖాళీగా ఉన్నాయి" అని అడిగింది. నన్ను అడగడమే ఆలస్యం. తీసుకోవడంలోనే కాదు, ఇవ్వడంలోనూ నేనే ముందుంటానని చూపించుకోవాలనిపించి, అటక మీదున్న నా మిలటరీ ట్రంకుపెట్టె దింపించాను. పుస్తకాలన్నీ తీశాక, పెట్టె అడుగున పాత తువ్వాలులో చుట్టిన మూట ఒకటి తగిలింది. మా ఆవిడ దగ్గరికొచ్చి, "నాకు తెలియకుండా నగలేమైనా దాచారేంటండీ?" అంది. విప్పితే అట్ట లేని పుస్తకం. పేజీలు ఉబ్బిపోయి, ఒకప్పటి కంటే రెండింతల లావుగా ఉంది. మొదటి పేజీ మీద మా ఊరి లైబ్రరీ ముద్ర. నలభై ఏళ్లకి పైగా తిరిగివ్వని పుస్తకం! "ఆ తువ్వాలు ఇలా ఇవ్వండి, మసిగుడ్డకి పనికొస్తుంది" అంది మా ఆవిడ. పుస్తకమైనా ఇస్తాను గానీ తువ్వాలు ఇవ్వనన్నాను. ఎందుకో చెప్పడం మొదలుపెడితే పొయ్యి మీద పులుసు మాడేటట్టుందని ఆమె వెళ్లిపోయింది. ఆమెకి చెప్పలేకపోయినదంతా ఇక్కడ రాస్తున్నాను.

మా చిన్నప్పటి ఇంట్లో దండెం ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. నిడదవోలుకి దగ్గర్లో, గోదారి గట్టు కింద తాటాకిల్లు మాది. నాన్న తెల్లవారకముందే పడవ మీద వేటకి వెళ్లి, పొద్దెక్కాక వచ్చేవాడు. వస్తూనే తడిపంచె పిండి దండెం మీద వేసేవాడు. అది ఆరేలోపు సాయంత్రం వల వేసే వేళయ్యేది. అమ్మ చేపల తట్ట దింపి, తడిసిన కొంగు పిండుకుని, వేరే చీర కట్టుకుని, ఆ చీర కూడా అదే దండెం మీద పడేసేది. మా ఇంట్లో అడుగు పెట్టగానే చేపల వాసన తగిలేదని అందరూ అనుకుంటారు. కాదు. ముందు తగిలేది ఆరీ ఆరని నూలుబట్టల వాసన, తరవాత పొయ్యిలో తాటిమట్టల పొగ, ఆ తరవాతే చేపలు. గోదారికి వరద వచ్చి ఎర్రనీరు దిగే రోజుల్లో ఎండ ఉండదు కాబట్టి బట్టలు పొయ్యి పైన కట్టిన దడి మీద ఆరేసేవాళ్లు. బడిలో నా పక్కన కూచునేవాడు నా చొక్కా వాసన చూసి, "మీ ఇంట్లో చొక్కాలు కూడా కాల్చుకుని తింటార్రా?" అని అడిగేవాడు.

అన్నవరం మొక్కు మీద పుట్టానని నాకు సత్యనారాయణ అని పేరు పెట్టారు. అందరికీ సత్తిబాబునే. నాన్న పేరు సూరన్న. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. చలికాలంలో మోకాళ్లు పట్టేసినప్పుడు మాత్రం వేపనూనె రాసుకుంటూ ఒక మాట అనేవాడు. "మనింట్లో ఒక్కడన్నా పొడిబట్టల్తో బతకాల్రా సత్తిబాబూ." ఆ ఒక్కడు నేనే కావాలని అందరికీ తెలుసు, ఎందుకంటే నా తరవాత ఇద్దరూ ఆడపిల్లలే.

ఇంకో పద్ధతి కూడా చెప్పాలి. మా ఇళ్లల్లో గడప దాటి వెళ్లేవాణ్ణి ఎక్కడికని అడగరు. వేటకెళ్లేవాణ్ణి అలా అడిగితే వల ఖాళీగా వస్తుందని భయం. ఆ అలవాటు ముదిరిపోయి, సంతకి వెళ్లేవాళ్లనీ, పెళ్లికి వెళ్లేవాళ్లనీ కూడా అడిగేవాళ్లు కాదు. ఎవరు ఎక్కడికెళ్లారో వచ్చాక తెలియాల్సిందే. ఈ పద్ధతి నాకు ఒకసారి ఎంత ఉపకారం చేసిందో, ఎంత ఇరకాటంలో పెట్టిందో ముందు ముందు తెలుస్తుంది.

నేను చదివింది పదో తరగతి. మిగతా చదువంతా మా ఊరి లైబ్రరీలోనే చదివాను, ఆ సంగతి నేను ఎక్కడైనా గర్వంగానే చెబుతాను. అది పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు తెరిచేవారు, శుక్రవారం సెలవు. అప్పటి లైబ్రేరియన్ కామేశ్వరరావు గారు నన్ను గుమ్మంలోనే ఆపి, "చేతులు చూపించు" అనేవారు. చేపల ఇంటి పిల్లాణ్ణని చిన్నచూపు కాదు. తడి చేత్తో పేజీ ముట్టుకోకూడదని ఆయన నియమం. కరణం గారి అబ్బాయినీ అలాగే ఆపేవారు. నేను బావి దగ్గర చేతులు కడుక్కుని, చొక్కాకి తుడుచుకుని, గాల్లో ఊపుకుని, మళ్లీ వచ్చి చూపించేవాణ్ణి. అట్లాసులు, ప్రయాణాల పుస్తకాలు, వైద్యం, జ్యోతిషం, కోళ్ల పెంపకం, ఏది దొరికితే అది చదివాను. అన్నిటికన్నా నచ్చింది అట్ట లేని ఒక సైన్సు పుస్తకం. దాని పేరేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. వెలుగు నీళ్లలోకి దిగేటప్పుడు వంగుతుందనీ, అందుకే నీటి అడుగున ఉన్నది ఉన్నచోటు కంటే పైకి కనిపిస్తుందనీ అందులో బొమ్మ వేసి రాశారు. గిన్నెలో అమ్మ రాగి ఉంగరం వేసి, నీళ్లు పోసి, గట్టు మీద పిల్లలందరికీ ఆ వింత చూపించాను. ఉంగరం పోయిందనుకుని అమ్మ వీపు విమానం మోత మోగించింది.

రాజమండ్రిలో మిలటరీ సెలక్షన్లకి వెళ్లి ఎంపికయ్యాక, నాన్న నన్ను వెంటబెట్టుకుని లైబ్రరీకి వచ్చి, అరుగు కిందే నిలబడి అడిగాడు. "ఏమండీ, తుపాకీ తడవకూడదంటారు కదా. మరి దాన్ని పట్టుకున్నోణ్ణి తడవనిస్తారంటారా?"

కామేశ్వరరావు గారు కళ్లజోడు తీసి ఆలోచించి, "తడవనివ్వరులే సూరన్నా" అన్నారు. ఆ మాటతో నాన్నకి ధైర్యం వచ్చింది. బయల్దేరేముందు కామేశ్వరరావు గారు ఆ అట్ట లేని పుస్తకం నా చేతిలో పెట్టి, "తిరిగొచ్చాక ఇద్దువుగాని" అన్నారు. నిడదవోలు స్టేషన్‌కి మా వాళ్లు పదిమంది దాకా వచ్చారు. రైలు ఎక్కడికి వెళ్తుందని ఒక్కరు కూడా అడగలేదు. బండి కదిలేముందు నాన్న కిటికీ ఊచ పట్టుకుని, "ఎంత కష్టమన్నా చెయ్యి గానీ నీళ్ల పనికి మాత్రం పోకు. మాటియ్యి" అన్నాడు. ఇచ్చాను.

నన్ను ఇంజినీర్ల పటాలంలో వేశారు. బెంగుళూరులో మొదటి ట్రైనింగ్ అయ్యాక, ఉత్తరాన కొండల్లో ఉన్న కంపెనీకి పంపించారు. అక్కడ మా వైపే ఉన్న పెనుగొండ నుంచి వచ్చిన రామచంద్రం దొరికాడు. ఇద్దరిదీ ఒకే వయసు, ఒకే హోదా, పక్కపక్క మంచాలు. అయినా మా వైపు మర్యాద పోతుందా? "బూట్లు తుడుచుకున్నారాండీ?" అంటే "ఇప్పుడేనండీ" అనుకునేవాళ్లం. కొన్నాళ్లకి బ్యారక్‌లో పంజాబీ కుర్రాళ్లు మా ఇద్దరినీ "అండీ జీ" అని పిలవడం మొదలుపెట్టారు.

ఒకరోజు కంపెనీ మొత్తం ఒక కొండనది ఒడ్డుకి వెళ్లింది, నడిచి దాటడానికి చోటు వెతకాలి. సుబేదార్ సాబ్, మీసాలు నెరిసిన పెద్దాయన, వరస ముందు నిలబడి నీళ్ల సంగతి తెలిసినవాడు ఎవరని అడిగారు. నేను నాన్నకిచ్చిన మాట గుర్తొచ్చి తల దించుకున్నాను. రామచంద్రం నా చెయ్యి పట్టుకుని పైకెత్తేశాడు. "వీడు గోదావరిలోనే పుట్టాడు సాబ్!"

ముందుకెళ్లాక ఇక వెనకాడబుద్ధి కాలేదు. ఒడ్డున నిలబడి చూస్తే నీళ్లు అద్దంలా ఉన్నాయి. అడుగున గులకరాళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టేటంత తేటగా కనిపిస్తున్నాయి. మా గోదారిలో అడుగు కనిపించిందంటే దిగి నడిచెయ్యవచ్చు. అలాంటి చోట పడవవాళ్లు గెడ వేసి లోతు కూడా చూడరు. "నడుం లోతు కూడా లేదు సాబ్" అన్నాను, నాన్న గొంతుతో. సుబేదార్ సాబ్ నా నడుముకి తాడు కట్టి, చేత్తో దిగమన్నట్టు సైగ చేశారు. ఇంత లోతుకి తాడెందుకని నేను లోపల నవ్వుకున్నాను. దిగాను. కాలికి నేల తగలలేదు. నడుం దాటింది, భుజాలు దాటాయి, టోపీ తేలిపోయింది. ఐసు లాంటి నీళ్లు. నాకు ఈత రాక కాదు, ఆ చలికి ఒళ్లు బిగుసుకుపోయి ఈత మర్చిపోయాను. తాడు పట్టి లాగారు కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను. ఒడ్డున పడేసరికి కంపెనీ అంతా పొట్టలు పట్టుకుని నవ్వుతోంది. "గోదావరిలో పుట్టాడన్నాను గానీ, పెరిగాడన్లేదు కదండీ" అని రామచంద్రం అందరికీ హిందీలో సర్దిచెబుతున్నాడు. నేను పళ్లు కొట్టుకుంటూనే అడిగాను. "లోతెంత సాబ్?" గెడ వేసి చూసి, ఏడు అడుగులన్నారు.

ఆ తరవాతి వారం మేజర్ గారు పిలిచారు. బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఇన్ఫర్మేషన్ రూమ్ చూసే ఆయన పెన్షన్ మీద వెళ్లిపోతున్నాడు. ఆ గదిలో పేపర్లు, పత్రికలు, రెండు బీరువాల పుస్తకాలు, మధ్యలో బొగ్గుల కుంపటి. అదీ మొదటి కాగితం. రెండోది ఆరు నెలల కోర్సు. పడవలు నడపడం, పడవలు కలిపి వంతెన కట్టడం, మునిగినవాళ్లని బయటికి తియ్యడం. అది నేర్చినవాడు సర్వీసంతా నీళ్లలోనే ఉండాలి. "నీకు పుస్తకాలంటే ఇష్టమని విన్నాను, అందుకు మొదటిది. రెండోదానికి సుబేదార్ సాబ్ నీ పేరు రాశారు. మునిగినవాణ్ణి రాశారేమని నేనూ అడిగాను" అని మేజర్ గారు నవ్వారు. పక్కనే ఉన్న సుబేదార్ సాబ్ మీసం దువ్వుకుంటూ, "పైకి వచ్చినవాడెవడైనా చలి అంటాడు సాబ్, రమ్ అడుగుతాడు. వీడు లోతు అడిగాడు" అన్నారు. ఏదో ఒకటి మూడు రోజుల్లో చెప్పమన్నారు.

మూడు రోజుల్లో ఇంటికి ఉత్తరం వెళ్లి రాదు. నేనే తేల్చుకోవాలి. మొదటి రోజు ఇన్ఫర్మేషన్ రూమ్‌కి వెళ్లి కూచున్నాను. వెచ్చగా, పొడిగా, కొత్త కాగితం వాసనతో ఉంది. నాన్న చూస్తే అక్కడే నా చెయ్యి కుర్చీకి కట్టేసి వెళ్లిపోయేవాడు. నేను బుద్ధెరిగినప్పటి నుంచీ కోరుకున్నదంతా ఆ గదిలో ఉంది. సంచిలోంచి నా సైన్సు పుస్తకం తీసి ఆ నీళ్ల బొమ్మ ఉన్న పేజీ తెరిచాను. కంఠతా వచ్చిన పేజీ. ఉంగరం వేసి ఊళ్లో పిల్లలకి పాఠం చెప్పినవాణ్ణి, ఒడ్డున నిలబడ్డప్పుడు ఆ సంగతి తలలోకే రాలేదు. పుస్తకానికి పుస్తకం తెలుసు, గోదారికి గోదారి తెలుసు. రెండూ నాలో ఉండి కూడా ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు. ఆ రోజంతా ఆ పేజీ దాటి ముందుకు పోలేకపోయాను. ఇంకొకటి కూడా మనసులో తొలుస్తూనే ఉంది. నా నడుముకి కట్టిన ముడి. అంత బరువు లాగినా బిగుసుకోలేదు, జారలేదు, ఒడ్డుకి చేరాక సుబేదార్ సాబ్ ఒక్క వేలితో విప్పేశారు. ఎన్ని తరాలుగానో నీళ్ల మీదే ఉన్న మా ఇంట్లో ఆ ముడి ఎవరికీ తెలియదు.

రెండో రోజు రామచంద్రం సలహా చెప్పాడు. "మీరు ఆ గదిలో చేరండి. నేను మధ్యాహ్నం పూట వచ్చి పేపరు కప్పుకుని పడుకుంటానండీ."

"మీరే చేరకూడదాండీ?"

"నేనాండీ? నేను ఆఖరిసారి శ్రద్ధగా చదివింది రైలు టిక్కెట్టండీ!"

మూడో రోజు వెళ్లి కోర్సుకి సంతకం పెట్టాను. నా సిఫార్సు మీద ఇన్ఫర్మేషన్ రూమ్ రామచంద్రానికి ఇచ్చారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, నీళ్లకి భయపడి కాదు. కిటికీ ఊచ పట్టుకున్న నాన్న చెయ్యి కళ్లముందు కదులుతూ ఉంది.

ఇంటికి ఉత్తరం రాశాను. అందులో ఒక్క అబద్ధం లేదు, అదే నేను చేసిన అసలు తప్పు. "ఇక్కడ మంచి పుస్తకాల గది ఉంది. అందులో కుంపటి ఉంది. చాలా వెచ్చగా ఉంటుంది. నేను కులాసా." ఆ గదిలో నేను పని చేస్తున్నానని ఎక్కడా రాయలేదు. కామేశ్వరరావు గారు దాన్ని నాన్నకి చదివి వినిపించారు. మా పద్ధతి ప్రకారం నువ్వు ఎక్కడున్నావు, ఏం చేస్తున్నావని నన్ను ఎవరూ తిరిగి అడగలేదు. జవాబులో మాత్రం, మీ నాన్న రేవులో ప్రతి పడవ దగ్గరికీ వెళ్లి "మావోడు కుంపటి కాసుకుంటా పుస్తకాలు చదువుకుంటన్నాడు" అని చెబుతున్నాడని కామేశ్వరరావు గారు రాశారు. ఆ ఉత్తరం నేను నడుం లోతు నీళ్లలోంచి వచ్చి, వణుకుతూ చదివాను.

ఆ ఆరు నెలల గురించి చెప్పుకుంటూ పోతే ఇంకో పుస్తకం అవుతుంది. క్యాంపు ఆ నదికే దిగువన. వారానికొకసారి రేషను లారీలో రామచంద్రం నాకు పుస్తకాలు పంపేవాడు. ఏది పంపాలో తెలియక వరసగా బీరువాలో ఉన్నవి ఉన్నట్టు పంపేవాడు. పోను పోను, "ఇది బాగుందండీ, ముందు ఇది చదవండి" అని చీటీలు పెట్టడం మొదలుపెట్టాడు. రైలు టిక్కెట్టు పాఠకుడు చివరికి నాకే సలహాలు చెప్పేవాడయ్యాడు. నా సైన్సు పుస్తకం ఒకసారి సంచితో సహా నీళ్లలో పడింది. కామేశ్వరరావు గారు చూస్తే ఏమంటారోనని, పొయ్యి దగ్గర ఒక్కొక్క పేజీ విడదీసి ఆరబెట్టాను.

ఏడాదికి సెలవు మీద ఇంటికొచ్చాను. అమ్మ చూసి, "ఏంట్రా ఇంత నల్లబడ్డావు? పుస్తకాలు ఎండలో కూచోబెట్టి చదివిస్తన్నారా?" అంది. నాన్న నన్ను ఇస్త్రీ బట్టల్తో ఊరంతా తిప్పాడు. రేవు దగ్గరికి వెళ్తే మాత్రం, "గట్టు మీదే ఉండు, బట్టలు తడుస్తాయి" అని నిలబెట్టేవాడు. చెబుదామనుకుంటాను, ఆ మొహం చూసి మింగేస్తాను. మూడో రోజు పొద్దున నాన్న పడవ ఒడ్డుకొస్తుంటే గాలి ఎదురు తిరిగి, పడవ మొన పక్కకి లాగేస్తోంది. ఆయన తాడు విసిరాడు. నేను ఆలోచించకుండానే నీళ్లలోకి దూకి, తాడు అందుకుని, గుంజకి చుట్టి కట్టేశాను. కట్టాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు.

నాన్న దిగి, గుంజ దగ్గరికొచ్చి, ముడి చూశాడు. నా మొహం చూళ్లేదు. తాడు పట్టుకుని లాగాడు. గుంజకి కాలు తన్నిపెట్టి ఇంకోసారి లాగాడు.

"ఇదేం ముడ్రా? జారట్లేదే!"

ఆయన ముడిని వేళ్లతో తడిమి చూశాడు.

"ఇప్పటం ఎలాగ?"

ఒక్క వేలితో విప్పి చూపించాను. ఆయన నన్ను పై నుంచి కింది దాకా చూశాడు. ప్యాంటు మోకాళ్ల పైదాకా తడిసి కారుతోంది. "పుస్తకాల గదిలో పడవలు కట్టుకుంటారేంట్రా?" అన్నాడు.

అక్కడే నిలబడి అంతా చెప్పేశాను. రెండు కాగితాలు, మూడు రోజులు, ఉత్తరం, మునగడం, ఏదీ దాచలేదు. రేవులో ఉన్నవాళ్లు వలలు దులపడం ఆపి మరీ విన్నారు. మాట తప్పినవాణ్ణి, తిట్టినా కొట్టినా పడాలని తల వంచుకుని నిలబడ్డాను. నాన్న గోదారి వైపు తిరిగాడు.

"అడుగు కనపడిందన్నావు కదా. ఎంత లోతంట?"

"ఏడు అడుగులు నాన్నా."

"ఏడు అడుగులకి అడుగు కనపడిందా!" అన్నాడు. అరవై ఏళ్లకి దగ్గరపడ్డ మనిషి మొహంలో అలాంటి ఆశ్చర్యం నేను అంతకుముందు చూడలేదు. తాడు నా చేతికిచ్చి, "మళ్లీ కట్టు, నిమ్మళంగా" అన్నాడు. పదిసార్లు కట్టించుకుని, పదకొండోసారి తనే కట్టాడు. సాయంత్రానికి రేవులో అన్ని పడవలకీ అదే ముడి.

నేను తిరిగి వెళ్లే రోజు ఎప్పట్లాగే ఎవరూ ఎక్కడికని అడగలేదు. నాన్న సంతలో కొన్న కొత్త తువ్వాలు ఒకటి తెచ్చి, నా ట్రంకుపెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టాడు. "తుడుచుకోడానికి" అన్నాడు. అంతే. ఆ హడావుడిలో పుస్తకం తిరిగివ్వడం మర్చిపోయాను. ఆ తరవాతి సెలవుకి వచ్చేసరికి కామేశ్వరరావు గారికి వేరే ఊరు బదిలీ అయిపోయింది. ఆ తువ్వాలుతో ఎన్ని నదులు తుడుచుకున్నానో లెక్క లేదు.

ఇప్పుడు మా గట్టు మీద మిలటరీ కోసం పరుగులు తీసే పిల్లలు, ఏ ట్రేడు మంచిదో ఫోన్‌లోనే వెతుక్కుంటారు. ఇంటికి కావాలంటే వీడియో కాల్ చేసి, "నాన్నా, ఏది తీసుకోమంటారు?" అని ఆ నిమిషంలోనే అడగగలరు. నాకు ఆ వీలుంటే ఏమయ్యేదని అప్పుడప్పుడు అనుకుంటాను. నాన్న ఫోన్‌లో "కుంపటి గది" అనేవాడు, నేను సరేననేవాణ్ణి. మా రేవులో ఆ ముడి పుట్టేది కాదు. పిల్లలు అదృష్టవంతులే. కానీ ఆ మూడు రోజులు నాకు ఎవరూ అందకపోవడం నా అదృష్టమని కూడా అనిపిస్తుంది.

పుస్తకం తీసుకెళ్లి లావణ్యకి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, "తడిసిందేంటి సార్?" అంది. "కామేశ్వరరావు గారికి చెప్పకమ్మా" అన్నాను. ఆయన ఎవరో ఆ అమ్మాయికి తెలియదు, అయినా నవ్వి రిజిస్టరులో రాసుకుంది. తిరిగొస్తూ రేవు మీదుగా నడిచాను. పడవలన్నీ ఇప్పుడు ఫైబరువి, ఇంజన్లు కూడా ఉన్నాయి. కట్టిన ముడి మాత్రం అదే. అక్కడ వల బాగుచేసుకుంటున్న ఆయన్ని, ఆ ముడి ఎవరు నేర్పారని అడిగాను. "ఇదాండీ? సూరన్న ముడండీ. ఆ రోజుల్లో సూరన్న అని ఓ ఘటికుడుండేవాడంటండీ, ఆయన కనిపెట్టాడంట" అన్నాడు. మెట్లు దిగి, బట్టలతోనే గోదారిలో ఒక్క మునక వేసి, ఇంటికొచ్చాను.

"ఈ వయసులో తడిబట్టలేంటండీ?" అని మా ఆవిడ కసురుతుంటే, నాన్న తువ్వాలుతో తల తుడుచుకుని, దాన్ని పిండి దండెం మీద వేశాను.